వీధి ఎవరిది? హైదరాబాదు వీధి నిర్మాణ ప్రమాణాల పరిణామం

ఉపోద్ఘాతం

దారికి తెలుగులో ఉన్న పాత పేర్లు చాలావరకు దాని మీద సాగేవారిని బట్టి పుట్టినవే. మనుషుల పాదాలు పడి అరిగినది కాలిబాట. చక్రాల గాడి పడినది బండిబాట. పొలాల నడుమ పశువులు, బండ్లు పోయే దారి కొన్ని సీమల్లో డొంక, మరికొన్ని చోట్ల పుంత. రాజు ఊరేగేది రాజవీధి, దేవుని రథం తిరిగేది రథవీధి. ఈ పేర్లలో కొలత లేదు, కాని ఆ దారి ఎవరిదన్న విషయం స్పష్టంగా ఉంది. నేటి నగరవాసి వాడుకలో ‘అరవై అడుగుల రోడ్డు’, ‘వంద అడుగుల రోడ్డు’ వంటి పేర్లు వినిపిస్తాయి. వీటిలో కొలత స్పష్టం. ఆ వంద అడుగులలో ఎవరికెంత అన్నది మాత్రం పేరు చెప్పదు.

పేర్లలో వచ్చిన ఈ మార్పు వెనుక వీధి నిర్మాణ ప్రమాణాల చరిత్ర ఉంది. వీధి ఎంత వెడల్పు ఉండాలి, అందులో నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి, బస్సుకు, కారుకు ఎంతెంత చోటు కేటాయించాలి అన్న నిర్ణయాలు సాంకేతికమైనవిగా కనిపిస్తాయి. నిజానికి అవి నగరం ఎవరిని తన పౌరులుగా గుర్తిస్తుందో తెలిపే సామాజిక నిర్ణయాలు. హైదరాబాదు నగరాన్ని ఆధారంగా తీసుకొని ఆ నిర్ణయాలు కాలక్రమంలో ఎలా మారాయో, ఇటీవలి సవరణలు దేనిని సరిదిద్దడానికి వచ్చాయో, అవి వీధిలోకి దిగడానికి అడ్డుపడుతున్నవేమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1. నడక కొలతగా ఉన్న నగరం

తెలుగు సాహిత్యంలో నగర వీధులను నడుస్తూ చూపిన కావ్యంగా ‘క్రీడాభిరామము’ ప్రసిద్ధం. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల వెంట తిరుగుతూ కనిపించినవాటిని చెప్పుకోవడమే దాని కథాసూత్రం. వీధిని దారిగా మాత్రమే గాక చూడవలసిన చోటుగా, నిలబడి మాట్లాడుకొనే చోటుగా, కొనుగోళ్ల చోటుగా ఈ కావ్యం చూపుతుంది. నడక వేగంలోనే సాధ్యమయ్యే నగరానుభవం అది.

హైదరాబాదు కూడా అటువంటి నడక నగరంగానే పుట్టింది. 1578లో మూసీ మీద నిర్మించిన వంతెన, నేటి పురానాపూల్, గోల్కొండను నదికి దక్షిణాన ఉన్న ప్రాంతంతో కలిపింది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన చార్మినారు ఆ కొత్త నగరానికి నడిబొడ్డు అయింది. నాలుగు దిక్కులకూ సాగే నాలుగు ప్రధాన వీధులు అక్కడ కలిశాయి. ఉత్తరాన చార్ కమాన్ అనే నాలుగు తోరణాలు, వాటి నడుమ నీటితొట్టిగా గుల్జార్ హౌజ్ ఏర్పడ్డాయి. ప్రధాన వీధులు ఊరేగింపులకు, ఏనుగులకు, గుర్రాలకు సరిపడే వెడల్పుతో ఉండగా, వాటినుంచి చీలిన గల్లీలు మనిషికి, పల్లకీకి, అరుదుగా బండికి సరిపోయేవి. ఈ రెండంతస్తుల అమరికలో పెద్దవీధి అధికార ప్రదర్శనకు, గల్లీ నివాసానికి చెందాయి. రెండింటిలోనూ వేగం మాత్రం మనిషి నడకకు మరీ మించినది కాదు. అందువల్ల నడిచేవారికి వేరుగా చోటు కేటాయించవలసిన అవసరం ఆనాడు కలగలేదు.

‘రహదారి’ అనే మాట చరిత్ర కూడా ఇక్కడ గమనించదగినది. పారసీకంలో ‘రాహ్’ అంటే దారి, ‘రాహ్‌దార్’ అంటే దారిని కాచేవాడు. ప్రయాణానికి అనుమతిని, దారిలో వసూలయ్యే సుంకాన్ని సూచించిన ఈ మాట క్రమంగా తెలుగులో పెద్దబాటకు పేరయింది. దారి మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న ఆ మాట పుట్టుకలోనే ఉంది. రస్తా, చౌరస్తా, గల్లీ, కమాన్ వంటి మాటలూ ఈ నగరం ద్వారానే తెలంగాణ వాడుకలో మరింత స్థిరపడ్డాయి.

మొదటి సాలార్‌జంగ్ కాలంలో, 1869లో, పురపాలన, రోడ్ల నిర్వహణ కోసం ప్రత్యేక శాఖ ఏర్పడింది. నగరాన్ని నాలుగు, శివారులను ఐదు భాగాలుగా విభజించి నిర్వహణ అప్పగించారు. వీధి అప్పటినుంచి లిఖిత పాలనలోకి వచ్చింది. 1874లో నిజాం రైల్వే సికింద్రాబాదును వాడితో కలిపాక స్టేషనుకు పోయే దారుల మీద బండ్ల రాకపోకలు పెరిగాయి.

2. వరద తరువాతి వీధి

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమంది ప్రాణాలను బలిగొని, నది ఒడ్డునున్న పేటలను తుడిచిపెట్టింది. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరద నివారణతోపాటు నగర పునర్నిర్మాణం కూడా ఆయన పరిశీలనలో భాగమే. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఆ పనిని చేపట్టింది. ‘ఆరాయిష్-ఎ-బల్దా’ అన్న దాని ఉర్దూ పేరుకు నగరాలంకరణ అని అర్థం. పురపాలక సంస్థను హైదరాబాదీలు నేటికీ ‘బల్దియా’ అనడంలో ఆ పదమే మిగిలి ఉంది.

మండలి చేసిన పనిలో వీధి ప్రమాణాల దృష్టితో చూస్తే అత్యంత విలువైనది పత్థర్‌గట్టి. చార్మినారుకు ఉత్తరాన సాగే ప్రధాన వీధిని విస్తరించి, దానికి ఇరువైపులా ఒకే తీరు రాతి కట్టడాలను నిర్మించారు. కింది అంతస్తులో కమాన్ల వరుస, దాని వెనుక దుకాణాలు, ఆ రెంటి నడుమ కప్పుకింద నడకదారి. వీధిని వెడల్పు చేయడం, నడిచేవారికి నీడ కల్పించడం, వ్యాపారానికి చోటివ్వడం అనే మూడు పనులను ఒకే రూపకల్పన నెరవేర్చింది. ఎండలు మండే దక్కనులో నీడ అలంకారం కాదు, నడకకు అది అవసరం. 1935 నాటి మొజంజాహి మార్కెట్టు కూడా కూడలిని, బజారును కలిపి ఆలోచించిన నిర్మాణమే.

అయితే ఈ కాలాన్ని స్వర్ణయుగంగా మాత్రమే చిత్రించడం సరికాదు. ప్లేగు వంటి వ్యాధుల భయంతో ఇరుకు పేటలను తొలగించినప్పుడు అక్కడివారు తమ ఇళ్లను, ఇరుగుపొరుగును కోల్పోయారు. వీధి విస్తరణ అంటే ఒకరి ఇంటిని మరొకరి దారిగా మార్చడం. ఆ ప్రక్రియ నగరాభివృద్ధికి పర్యాయపదంగా స్థిరపడింది కూడా ఈ కాలంలోనే.

మోటారు రాకతో దుమ్ము నగర సమస్య అయింది. బండిచక్రం కింద అణగి ఉండే మట్టి, మోటారు వేగానికి లేచి ఇళ్లలోకి, అంగళ్లలోకి చేరేది. ప్రధాన వీధులకు సిమెంటు కాంక్రీటు పరచడం దీనికి పరిష్కారమైంది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. బస్సు ఎక్కేవారెవరైనా ఎక్కడానికి ముందు, దిగిన తరువాత పాదచారులే. నడకదారి, బస్సు ఒకదానిమీద ఒకటి ఆధారపడినవని ఇప్పటి ప్రమాణాలు గుర్తుచేయవలసి వస్తున్నది. పత్థర్‌గట్టి కాలపు నగరంలో ఆ సంబంధం సహజంగానే ఉండేది.

3. అంకెల్లో మనిషి

రోడ్లకు దేశవ్యాప్త ప్రమాణాలు జయకర్ సంఘం సిఫారసుల తరువాత వచ్చాయి. 1927లో ఏర్పడిన ఆ సంఘం ఫలితంగా 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ స్థాపితమైంది. 1943 నాటి నాగపూర్ ప్రణాళిక రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ స్థాయులుగా వర్గీకరించింది. ఊరికీ ఊరికీ మధ్య సాగే రోడ్డు వీటికి ప్రధాన విషయం. నగర వీధి విషయంలో కూడా ఆ దృష్టే తరువాత ప్రబలింది. వీధి చేరుకొనే చోటు అన్న భావన వెనుకబడి, దాటిపోయే దారి అన్న భావన ముందుకు వచ్చింది.

సైకిలు బాటల గురించి రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే ప్రత్యేక ప్రమాణం వెలువరించిందన్నది గమనార్హం. గుమస్తాలు, కార్మికులు, విద్యార్థులు సైకిలు మీద తిరిగిన కాలం అది. ప్రమాణం ఉన్నా నగరంలో సైకిలు బాటలు నిలదొక్కుకోలేదు. 1983లో నగర రోడ్ల జ్యామితీయ రూపకల్పనకు వచ్చిన ప్రమాణం వీధులను నాలుగు తరగతులు చేసింది. ప్రధాన ధమని రోడ్డుకు 50–60 మీటర్లు, ఉపధమనికి 30–40, సంగ్రాహక వీధికి 20–30, స్థానిక వీధికి 10–20 మీటర్ల వెడల్పును సూచించింది. వీటి రూపకల్పన వేగాలు వరుసగా గంటకు 80, 60, 50, 30 కిలోమీటర్లు. నగరం మధ్యనుంచి పోయే రోడ్డును 80 కిలోమీటర్ల వేగానికి రూపొందించినప్పుడు, దానిని దాటవలసిన మనిషి ఆ లెక్కలో అంతరాయంగా మారతాడు.

ఈ దృష్టికి గట్టి సాక్ష్యం 1990 నాటి మరో మార్గదర్శకంలో ఉన్న కారు తుల్యాంకాల పట్టిక. వివిధ వాహనాలు రోడ్డు మీద ఎంత చోటు ఆక్రమిస్తాయో కారును ఒకటిగా తీసుకొని ఇది లెక్కిస్తుంది. మొత్తం రాకపోకల్లో ఆ వాహనం వాటా 5 శాతం ఉన్నప్పుడు ఒక విలువ, 10 శాతం, ఆపైన ఉన్నప్పుడు మరొక విలువ. ఆ ప్రకారం ద్విచక్ర మోటారు వాహనం 0.5 లేదా 0.75, సైకిలు 0.4 లేదా 0.5, ఆటోరిక్షా 1.2 లేదా 2, సైకిలు రిక్షా 1.5 లేదా 2, తోపుడుబండి 2 లేదా 3, బస్సు 2.2 లేదా 3.7 కార్లకు సమానం.

రాకపోకల ప్రవాహాన్ని కొలవడానికి ఈ పట్టిక ఉపయోగకరమే. అయితే అది దేనిని లెక్కిస్తున్నదో, దేనిని లెక్కించడం లేదో చూడాలి. కూరగాయలు అమ్ముకొనే తోపుడుబండి ఇందులో మూడు కార్లంత అడ్డంకి. బస్సు దాదాపు నాలుగు కార్లంత భారం. బస్సులో 50 మంది ఉన్నారనుకొంటే ఒక్కొక్కరి వంతుకు వచ్చే తుల్యాంకం 3.7ను 50తో భాగించగా 0.074. కారులో ఇద్దరున్నారనుకొంటే ఒక్కొక్కరి వంతు 0.5. అంటే బస్సు ప్రయాణికుని కంటే కారు ప్రయాణికుడు దాదాపు ఏడు రెట్లు రోడ్డును వాడుకొంటున్నాడు. అదే పట్టికను మనుషుల లెక్కన చదివితే తీర్పు తలకిందులవుతుంది. ఇక నడిచే మనిషికి ఈ పట్టికలో వరుసే లేదు. లెక్కలో లేనివాడికి కేటాయింపులోనూ చోటు దొరకలేదు.

4. విస్తరణ యుగం

1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, 1975లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. ఆ తరువాతి దశాబ్దాల్లో నగరం నలుదిక్కులా పెరిగింది. వాహనాల రద్దీకి ప్రతిసారీ దొరికిన సమాధానం విస్తరణ, ఆపైన వంతెన. 2009లో ప్రారంభమైన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 11.6 కిలోమీటర్ల పొడవున నేల వీధికి పైన మరో రోడ్డును నిలిపింది. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి నగరం చుట్టూ తిరిగింది. ఈ నిర్మాణాలు దూర ప్రయాణాన్ని సులభం చేశాయనడంలో సందేహం లేదు. అయితే వంతెన స్తంభాలు, మలుపు దారులు దిగువ వీధిలో నడకకు, వీధిని దాటడానికి మిగిలిన చోటును తగ్గించాయి.

2012లో 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చిన భవన నిర్మాణ నియమాలు కట్టడం ఎత్తును దాని ముందున్న రోడ్డు వెడల్పుతో ముడిపెట్టాయి. దీనివల్ల రోడ్డు వెడల్పు భూమి విలువను నిర్ణయించే అంశమైంది. రోడ్డు వెడల్పు పెరిగితే అంతస్తులు పెరుగుతాయి. కాని ఆ వెడల్పు లోపలి విభజన ఏ యజమానికీ లాభనష్టాల విషయం కాలేదు. ‘వంద అడుగుల రోడ్డు’ అన్న పేరు ఈ ఆర్థిక తర్కాన్నే ప్రతిఫలిస్తుంది.

ఈ కాలంలో ‘కాలిబాట’ అర్థం కూడా మారింది. పాదాలు తమంతట తాము వేసుకొన్న దారి అన్న పూర్వార్థం పోయి, రోడ్డు అంచున ఎత్తుగా కట్టిన దిమ్మె అన్న అర్థం వచ్చింది. వార్తల్లో అది తరచు ‘ఆక్రమణ’ అన్న మాటతో కలిసే కనిపిస్తుంది. ఆక్రమణ అనగానే వీధి వ్యాపారి గుర్తుకు రావడం ఒక అలవాటు. 1989లో సోదన్ సింగ్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం, సహేతుకమైన ఆంక్షలకు లోబడి వీధి వ్యాపారాన్ని రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. నడిచేవారికి, బండి మీద అమ్మేవారికి మధ్య ఉన్నట్టు కనిపించే తగవులో, ఆ ఇద్దరినీ ఇరుకులోకి నెట్టిన వాహన నిలుపుదల సాధారణంగా ప్రస్తావనకే రాదు.

5. ప్రమాణాల సవరణ

ఈ ధోరణికి మొదటి స్పష్టమైన ప్రతిపాదన 2006 నాటి జాతీయ నగర రవాణా విధానం. వాహనాలను గాక మనుషులను కదిలించడమే రవాణా లక్ష్యమని, రోడ్డు స్థలాన్ని న్యాయంగా పంచాలని అది ప్రకటించింది. 2009–10లో ఢిల్లీ నగరం పాదచారులకు, వీధులకు ప్రత్యేక రూపకల్పన మార్గదర్శకాలను తయారుచేసుకొంది. 2019లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ ‘సమగ్ర వీధుల’ మార్గదర్శక సంపుటాలను వెలువరించింది.

రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలలో వచ్చిన మార్పు మరింత మౌలికమైనది. పాదచారుల సదుపాయాలపై 1988 నాటి ప్రమాణం కాలిబాటకు కనీసం 1.5 మీటర్ల వెడల్పు సూచించగా, 2012 సవరణ దానిని ఏ అడ్డూ లేని 1.8 మీటర్లకు పెంచింది. తలపైన 2.2 మీటర్ల వరకు ఖాళీ ఉండాలంది. కాలిబాట ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదంది. పెరిగిన 30 సెంటీమీటర్లు స్వల్పంగా కనిపించవచ్చు. కాని రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చి తప్పుకోవడానికి ఆ వెడల్పు కావాలి. అడుగు ఎత్తు దిమ్మె వృద్ధులకు, గర్భిణులకు, మోకాళ్ల నొప్పులున్నవారికి మెట్టు కాదు, గోడ. అది ఎక్కలేనివారు రోడ్డు మీదే నడుస్తారు. కొలత ఇక్కడ మనిషి దేహం నుంచి పుట్టింది.

అంతకంటే ముఖ్యమైనది కాలిబాటను మూడు పట్టీలుగా చూడటం. కట్టడానికి ఆనుకొని కొంత, మధ్యలో నడకకు కొంత, రోడ్డు వైపు చెట్లకు, దీపస్తంభాలకు, కూర్చునే బల్లలకు, అమ్మకాలకు కొంత. చెట్టు, స్తంభం, వ్యాపారి నడకకు శత్రువులు కారని, వారికి చోటు చూపకపోవడమే అసలు లోపమని ఈ విభజన ఒప్పుకొంటుంది. పత్థర్‌గట్టి కమాన్ల కింద దుకాణం, నడక, నీడ కలిసిన తీరుకు ఇది దూరపు బంధువు.

1983 నాటి జ్యామితీయ ప్రమాణం 2018లో సవరణ పొందింది. మునుపు శీర్షికలో ‘నగర రోడ్లు’ మాత్రమే ఉండగా, కొత్త శీర్షికలో ‘వీధులు’ అన్న మాట చేరింది. భాషాధ్యయన దృష్టితో ఈ చేర్పు చిన్నది కాదు. రోడ్డు దాటిపోయేది, వీధి మనుషులు ఉండేది అన్న భేదం ముప్పై అయిదేళ్ల తరువాత ప్రమాణ గ్రంథం అట్ట మీదికి వచ్చింది.

చట్టం కూడా ఇదే దిశలో కదిలింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందరికీ అందుబాటులో ఉండే నిర్మాణాలను తప్పనిసరి చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 198ఎ సెక్షను ప్రకారం, నిర్దేశిత ప్రమాణాలను పాటించకపోవడంవల్ల మరణంగాని, వైకల్యంగాని కలిగితే రోడ్డు రూపకర్త, గుత్తేదారు, నిర్వహణాధికార సంస్థ లక్ష రూపాయల వరకు జరిమానాకు బాధ్యులు. అప్పటివరకు ప్రమాదమంటే నడిపినవాడి తప్పో, నడిచినవాడి తప్పో. రోడ్డు కూడా తప్పు చేయగలదని చట్టం అంగీకరించింది. 2025 మేలో సర్వోన్నత న్యాయస్థానం కాలిబాటను వాడుకొనే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని పేర్కొంది.

ఈ హక్కు మాట అలంకారం కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. ద్విచక్ర వాహనాల మీద మరణించినవారు మొత్తంలో 44.5 శాతం. కారుకు కొలిచి వేసిన రోడ్ల మీద చనిపోతున్నవారిలో అత్యధికులు కారులో లేనివారే.

6. ప్రమాణానికీ వీధికీ మధ్య

ఇన్ని సవరణలు వచ్చినా నగరవాసి నడక ఎందుకు మారలేదు? మొదటి కారణం, రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు స్వభావరీత్యా సిఫారసులు. టెండరు పత్రంలో చేరినప్పుడే అవి గుత్తేదారును కట్టివేస్తాయి. రెండవది, ఒకే వీధి కింద, పైన అనేక శాఖల పనులు ఉండటం. మంచినీటి గొట్టం, మురుగు కాలువ, విద్యుత్తు, తంతులు వేర్వేరు చేతుల్లో ఉన్నప్పుడు, ప్రతి తవ్వకం తరువాత చివరగా పూడేది కాలిబాట.

మూడవ కారణం అన్నింటికంటే కఠినమైనది. వీధి వెడల్పు పరిమితం. 30 మీటర్ల ఉపధమని వీధిని ఉదాహరణగా తీసుకొంటే, ఇరువైపులా మూడున్నర మీటర్ల కాలిబాటలకు 7, రెండు మీటర్ల సైకిలు బాటలకు 4, మూడున్నర మీటర్ల బస్సు వరుసలకు 7, విభాజకానికి 1 పోగా మిగిలేది 11 మీటర్లు. అంటే ఒక్కో దిశకు ఐదున్నర. ఇదే వీధిలో మూడున్నర మీటర్ల చొప్పున ఒక్కో దిశకు మూడు వాహన వరుసలు వేస్తే 21 మీటర్లు అక్కడే పోతాయి. విభాజకం తీసివేయగా ఒక్కో వైపు మిగిలిన నాలుగు మీటర్లలో కాలువ, స్తంభాలు, నిలిపిన వాహనాలు, వ్యాపారి, పాదచారి సర్దుకోవాలి. అందరికీ అన్నీ ఇవ్వగల వీధి లేదు. సమగ్ర వీధి అంటే కొందరి సౌకర్యం తగ్గుతుందని ముందే ఒప్పుకోవడం. ప్రమాణాలు ఈ మాటను నెమ్మదిగా చెబుతాయి, పాలన చెప్పడానికి వెనుకాడుతుంది.

హైదరాబాదులోని రెండు ప్రయత్నాలు ఈ విషయాన్ని వెలుగులోకి తెస్తాయి. చార్మినారు చుట్టూ వాహనాలను తప్పించి రాతి పరుపు వేసిన పాదచారీకరణ పథకం, నగరం పుట్టిన చోటనే నడకను మళ్లీ ప్రతిష్ఠించింది. దీనికి వారసత్వ కట్టడ రక్షణ బలమైన కారణమైంది. కట్టడం లేని సాధారణ బస్తీ వీధికి అటువంటి వాదన దొరకదు. 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి వెంట సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన నీడ ఉన్న ఈ నిర్మాణం నాణ్యతలో మెచ్చదగినదే. కాని అది ప్రధానంగా వ్యాయామానికి, విహారానికి అనువైన చోట ఉంది. ఉదయాన్నే పనికి సైకిలు మీద పోయే కాపలాదారునికి, పాలు వేసే మనిషికి కావలసినది తన ఇంటి నుంచి పనిచోటు వరకు తెగని దారి. నగరం మంచి సైకిలు బాటను కట్టగలదని ఇది రుజువు చేసింది. దానిని పనిదారుల మీద కట్టడమే మిగిలింది.

ముగింపు

హైదరాబాదు వీధి ప్రమాణాల చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో నడక వేగమే నగరానికి అలిఖిత ప్రమాణం. రెండవ దశలో, పత్థర్‌గట్టి వంటి మేలైన మినహాయింపుల తరువాత, కారు కొలమానమై మిగిలినవన్నీ దాని భిన్నాలుగా, గుణిజాలుగా మారాయి. మూడవ దశలో మనిషి దేహం, అందులోనూ బలహీనమైన దేహం, తిరిగి కొలతకు ఆధారమవుతున్నది. మొదటి దశ రాజాజ్ఞలో ఇమిడి ఉండగా, రెండవది పట్టికలలో, మూడవది పట్టికలతోపాటు హక్కుల భాషలో వ్యక్తమైంది.

ఈ పరిణామంలో పాత నగరం మాదిరి కాదు, అందులో ఇరుకు, అసమానత ఉన్నాయి. అయితే వీధిని దారిగాను, చోటుగాను ఒకేసారి చూడగలిగిన దృష్టి అక్కడ ఉంది. నేటి సవరణలు ఆ దృష్టిని సంఖ్యల్లోకి తెచ్చాయి. ఇక ప్రతి టెండరులో, ప్రతి వీధి తవ్వకం తరువాత ఆ 1.8 మీటర్లు మిగిలాయా లేదా అన్నదే వాటికి పరీక్ష. మిగిలిన చోట కాలిబాట అన్న మాటకు దాని పాత అర్థం తిరిగి వస్తుంది.